కొలకర్ర కంటే చిన్న గూడు

జర్మనీలో చదువుకునే తెలుగు విద్యార్థికి నాలుగు రోజులు సెలవు దొరికితే ఎక్కడికి వెళ్తాడో ఊహించడం కష్టం కాదు. పారిస్‌లో ఇనుప గోపురం ముందు ఒక ఫోటో, స్విట్జర్లాండ్‌లో మంచు మీద ఒక ఫోటో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎవరిదో సైకిల్‌ను ఆనుకుని ఒక ఫోటో. వాటి మీద నాకు ఆక్షేపణ లేదు. ఆ మూడూ నా దగ్గరా ఉన్నాయి. కాని నవంబరు వానలో, మోకాలి లోతు వాగులో చేపలు పెట్టిన గూళ్లు వెతకడానికి దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్తున్నానంటే జార్‌బ్రూకెన్‌లోని మా హాస్టల్‌లో ఒక్కరూ నమ్మలేదు. ఆ వాగు వైపు వెళ్లని వారి కోసం, వెళ్లాలన్న ఆలోచన కలలో కూడా రాని వారి కోసం ఈ కథనం.

కారణం హారిక. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతూ కాలేజీ డిబేటింగ్ జట్టులో ఉన్నప్పుడు ఆమెది ఎప్పుడూ నాకు ఎదుటి పక్షమే. నేను కంప్యూటర్ సైన్స్‌లో మిగిలిపోయాను. ఆమె దారి మార్చుకుని డ్రెస్డెన్‌లో నదుల జీవశాస్త్రం చదువుతోంది. ఒకరోజు ఫోన్‌లో, సాల్మన్ చేపలు తరం తరానికీ చిక్కిపోతున్నాయని, గుడ్లు పెట్టడానికి నదులకు తిరిగివచ్చే తీరు కూడా మారుతోందని ధీమాగా ప్రకటించింది. రుజువేమిటని అడిగాను. ఫోన్‌లో రుజువులు చూపించలేననీ, దమ్ముంటే వచ్చి చూడమనీ అంది. అలాంటి సవాలుకు లొంగకుండా ఉండే శిక్షణ మా డిబేటింగ్ జట్టులో ఎవరూ ఇవ్వలేదు.

పొలుసులో గీతలు

జర్మన్ రైళ్లు గడియారంతో పోటీపడి నడుస్తాయన్న నమ్మకం మన దేశంలో ఇంకా ఉంది. ఇక్కడ నివసించేవారికి ఆ నమ్మకం లేదు. నేను డ్రెస్డెన్ చేరేసరికి చీకటి పడింది. స్టేషన్‌లో ఉప్పు రాళ్లు చల్లిన ఒక బ్రేత్సెల్ రొట్టె, కాగితం కప్పులో కాఫీ కొంటే ఆరు యూరోలు దాటింది. రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు పోనంతకాలం ఈ దేశంలో ఏదీ గొంతు దిగదు.

"ఏమే స్పందనా, మొహం అలా వేలాడేసేవేంటి? మూడు రైళ్లకే?" అంది హారిక, నా సంచీ లాక్కుంటూ.

"మూడు కాదు, నాలుగు. ఒకటి క్యాన్సిల్ అయింది. ముందుగాల చాయ్ పొయ్యి, తర్వాత నీ చేపల సంగతి జూద్దాం."

"ఆయ్, చాయ్ ఉంది, రుజువూ ఉంది. ఏది ముందు కావాలో నీ ఇష్టం."

హారికది రాజమండ్రి. అవుననడానికి ఆమె నోట ఎప్పుడూ వచ్చేది ఆ "ఆయ్" ఒక్కటే. సముద్రం వదిలి నదిలోకి ఎదురీదే చేప ఆమెకు వింత కాదు. వరద గోదావరిలో పులస రావడం చూస్తూ పెరిగిన పిల్ల. హనుమకొండలో పెరిగిన నాకు చేప అంటే చెరువు కట్ట మీద తూకం వేసి ఇచ్చే వస్తువు.

మరునాడు ఉదయం ఆమె నన్ను విశ్వవిద్యాలయంలో తాను పనిచేసే గదికి తీసుకువెళ్లింది. సూక్ష్మదర్శిని కింద వేలిగోరంత పొలుసు ఒకటి పెట్టి, తెర మీద పెద్దది చేసి చూపించింది. నరికిన చెట్టు మొద్దు మీద వలయాలు ఉన్నట్టే పొలుసు నిండా గీతలు. తిండి బాగా దొరికిన వేసవిలో గీతల మధ్య ఎడం పెరుగుతుంది. చలికాలంలో అవి ఇరుకవుతాయి.

"ఇదిగో, మధ్యలో దగ్గరదగ్గరగా ఉన్నవి నదిలో పిల్లగా ఉన్నప్పటివి. ఇక్కడ సముద్రంలోకి దిగింది. చూడు ఎంత ఎడమెడంగా ఉన్నాయో. కడుపు నిండా తిందన్నమాట." తరువాత ఇంకొక పొలుసు తెర మీదికి వచ్చింది. "ఇది ఈమధ్య కాలంది. సముద్రంలో అదే మొదటి వేసవి. ఎలా ఇరుక్కున్నాయో చూడు."

తేడా నాకూ కనిపించింది. కాని కనిపించడం వేరు, ఒప్పుకోవడం వేరు.

"రెండు పొలుసులు జూపెట్టి సముద్రం మొత్తం మీద తీర్పు ఇస్తవా?"

"రెండేంటే తల్లీ! ఆర్నెల్ల నుంచి ఇదే పని నాకు. ఉత్తర దేశాల నదుల్లో వేటగాళ్లు ఎప్పటి నుంచో దాచిన పొలుసులివి. కళ్లు మూసుకుంటే గీతలే కనపడుతున్నాయి." ఆ తరువాత కాస్త తగ్గి చెప్పింది. "అన్ని నదుల్లోనూ ఒకేలా లేదులే. కొన్నిచోట్ల చేప ఆలస్యంగా తిరిగొస్తోంది, కొన్నిచోట్ల చిన్నగానే వచ్చేస్తోంది. నీళ్లు వేడెక్కాయి, సముద్రంలో తిండి మారింది. కారణం ఇదొక్కటే అని నేననను."

పాత హారిక అయితే ఇదొక్కటే అని బల్ల గుద్ది చెప్పేది. శాస్త్రం ఆమెకు నేర్పిన ఈ తగ్గింపు నా మీద ఏ వాదమూ చూపని ప్రభావం చూపింది.

లావణ్యక్క ఇచ్చిన గిన్నె

హారిక ఉండే భవనంలో పై అంతస్తు లావణ్యక్కది. ఊరు భీమవరం. భర్త ఇక్కడి కంప్యూటర్ చిప్‌ల కర్మాగారంలో ఇంజనీరు. ఆ రాత్రి మాకు భోజనం అక్కడే. ఆరేళ్ల కూతురు ఆద్యను, సాల్మన్ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా అని అడిగాను. పాప క్షణం కూడా ఆలోచించకుండా "ఆస్ డెమ్ క్యూల్‌ష్రాంక్" అంది. అంటే ఫ్రిజ్‌లో నుంచి.

"తెలుగులో చెప్పవే, అక్కకి," అంది తల్లి.

"ఫ్రిజ్," అంది పాప, అదే తెలుగు అన్న నిశ్చయంతో.

మరునాడు మేము వాగుల్లో సాల్మన్ గూళ్లు వెతికే ఫ్రావ్ వెండ్లర్, అంటే శ్రీమతి వెండ్లర్, అనే పెద్దావిడ దగ్గరికి వెళ్తున్నామని వినగానే లావణ్యక్క గరిటె పక్కన పెట్టింది. "పెద్దావిడ ఇంటికి వట్టి చేతుల్తో వెళ్తారేంటర్రా? చేపలంటే ప్రాణం అంటున్నారు కదా. సాల్మన్ పులుసు పెడతాను, పట్టుకెళ్లండి. రేపటికి ముక్క పులుపు పట్టి ఇంకా బావుంటుంది."

భీమవరంలో పులసతో పెట్టే పులుసు ఇక్కడ సూపర్‌మార్కెట్ సాల్మన్‌తో పెట్టవలసి వస్తుంది. పులస ధర తెలిసినవారికి ఇది దాదాపు ఉచితం. చింతపండు మాత్రం ఊరి నుంచి వచ్చినదే. బెండకాయలు వేసి, సన్నని సెగ మీద కూర్చోబెట్టి, గరిటె తిప్పకుండా గిన్నెనే పట్టుకుని కుదిపింది. వంటిల్లు ఘుమఘుమలాడింది. డిగ్రీలున్న ముగ్గురు స్త్రీలం ఆ గిన్నె చుట్టూ నిలబడి వాసన పీల్చాం కాని, మేము ఎవరింటికి ఏం పట్టుకువెళ్తున్నామో ఒక్కరికీ తట్టలేదు.

ఎల్బే ఒడ్డున

డ్రెస్డెన్ నుంచి తూర్పుకు వెళ్లే చిన్న రైలు ఎల్బే నదిని ఆనుకునే సాగుతుంది. కాసేపటికి రెండు వైపులా ఇసుకరాతి కొండలు నిటారుగా లేస్తాయి. ఎవరో రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో విసుగుపుట్టి వదిలేసినట్టు ఉంటాయి. ఆ కొండల్లో నుంచి వచ్చి ఎల్బేలో కలిసే ఒక వాగు పేరు లాక్స్‌బాక్, అంటే సాల్మన్ వాగు. గత శతాబ్దంలో ఆనకట్టలు, కర్మాగారాల మురుగు కలిసి చేపను తరిమేశాయి. పేరు మాత్రం పటంలో మిగిలింది. జర్మనీ ఒకటైన తరువాత నీళ్లు తేటపడ్డాయి. అప్పుడు బయటి నదుల నుంచి గుడ్లు తెప్పించి, హేచరీలో పొదిగించి, ఏటా వసంతంలో పిల్లలను బకెట్లతో వాగుల్లో వదలడం మొదలుపెట్టారు.

రైల్లోనే నాకు ప్రశ్న పుట్టింది. "ఏటా బకెట్ల తెచ్చి పోస్తుంటే, అవి అడవి చేపలెట్లయితయే? మనం పెంచిన కోళ్లను చెట్టెక్కించి అడవి పిట్టలన్నట్టు లేదా?"

"ఈ మాట ఫ్రావ్ వెండ్లర్ ముందు అను," అంది హారిక నవ్వుతూ. "నిన్ను దత్తత తీసుకుంటుంది."

ఫ్రావ్ వెండ్లర్ డెబ్బై దాటిన మనిషి. బడిలో భూగోళం చెప్పి పదవీ విరమణ చేశారు. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, ఆకుపచ్చ వానకోటు. స్టేషన్ బయట మమ్మల్ని చూడగానే కొత్తగా చేరిన సైన్యాన్ని తనిఖీ చేసినట్టు చూశారు. ఆమె మాట్లాడేది సాక్సనీ ప్రాంతపు జర్మన్. అవుననడానికి "యా" అనకుండా "ను" అంటారు. హారిక "ఆయ్", ఆమె "ను", ఇద్దరూ తలలూపుతూ నడుస్తుంటే నా జర్మన్ తరగతుల రుసుమంతా వృథా అనిపించింది.

ఇంటి గుమ్మంలో మనలాగే చెప్పులు విప్పాలి. కాని వట్టి కాళ్లతో లోపలికి వెళ్లడం ఇక్కడ మర్యాద కాదు. అతిథుల కోసమని ఉన్ని చెప్పుల బుట్ట ఒకటి ఉంది. నాకు దొరికిన జత ఆమె దివంగత భర్తది కావచ్చు. ఇల్లంతా పడవలు తొక్కుతున్నట్టే తిరిగాను.

భోజనానికి ఉడికించిన బంగాళాదుంపలు, ఎర్ర క్యాబేజీ సిద్ధంగా ఉన్నాయి. హారిక గర్వంగా గిన్నె మూత తీసింది.

"ఎంత మంచి వాసన! ఇది ఏమిటి?" అన్నారు ఆవిడ.

"సాల్మన్," అన్నాను నేను, నాకు బాగా వచ్చిన జర్మన్ మాట అదే అయినందుకు సంతోషిస్తూ.

హారిక మొహం తెల్లబోయింది. ఫ్రావ్ వెండ్లర్ గిన్నెలోకి వంగి చూసి, తరువాత మమ్మల్ని చూసి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"అమ్మాయిలూ, పాతికేళ్లుగా నేను వీటి పిల్లల్ని చేతుల్తో వదులుతున్నాను. అప్పటి నుంచి ముక్క నోటికి పోలేదు. తప్పని కాదు. సయించదు, అంతే." క్షమాపణ చెప్పబోయిన హారికను చేయెత్తి ఆపారు. "కాని ఈ రసం చేప కాదు కదా?"

ఇది నిర్వచనానికి సంబంధించిన ప్రశ్న. చేప ముక్క చేపే. చేపలో ఉడికిన చింతపండు రసం చేప అవునా, కాదా అన్నది వాదించదగిన అంశమే. నేను నోరు తెరిచేలోపే ఆమె పులుసును దుంపల మీద పోసుకున్నారు. రెండోసారి కూడా పోసుకున్నారు. ముక్కలు మాకు మిగిలాయి.

నాలుగో చలికాలం

తినడం అయ్యాక అసలు సంగతి చెప్పారు. ఆమె స్వయంగా కనిపెట్టుకుని ఉండే చిన్న వాగు ఒకటుంది. గుంపులు వస్తాయని దాని పేరు రాయవద్దన్నారు, కనుక రాయను. ఆ వాగులో బకెట్ చేపలు పోయడం ఆపండని నాలుగేళ్ల కిందట ఆమె తమ చేపల సంఘాన్ని ఒప్పించారు. పోయకపోయినా సాల్మన్ తనంతట తాను వచ్చి గుడ్లు పెడుతుందా? తెలియాలంటే చేయి అడ్డం పెట్టడం మానాలి. సంఘం ఒక షరతు మీద ఒప్పుకుంది. నాలుగు చలికాలాల్లో ఒక్క సాల్మన్ గూడైనా కనబడాలి. లేకపోతే మళ్లీ బకెట్లు.

మూడు చలికాలాలు ఏమీ లేకుండా పోయాయి. ఇది నాలుగవది. మరునాటి ఆదివారం ఆఖరి గాలింపు. ఆ సాయంత్రమే సంఘం అధ్యక్షుడికి కబురు చెప్పాలి.

"మళ్లీ పోస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"ఏమీ కాదు. చేపలు ఉంటాయి. కాని ఏది వాగుదో, ఏది బకెట్‌దో నేను బతికుండగా తెలియదు."

రైల్లో నేను వేసిన ప్రశ్నే ఆమెది కూడా. తేడా ఏమిటంటే, నేను దానిని ఒక ప్రయాణంలో అడిగాను. ఆమె దాని కోసం నాలుగేళ్లు వాగు ఒడ్డున నడిచారు.

మోకాలి లోతులో

రాత్రి ఆమె ఇంట్లోనే పడుకుని, ఆదివారం ఉదయం తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడిగి నీళ్లలోకి దిగాం. నాచు పట్టి నల్లబడిన అడుగులో ఒకచోట గులకరాళ్లు కడిగినట్టు తెల్లగా ఉంటే అది గూడు. ఆడచేప ఒక పక్కకు ఒరిగి, తోకతో రాళ్లను ఎగజిమ్మి గుంత చేస్తుంది. గుడ్లు పెట్టి, ఎగువ రాళ్లను తోసి కప్పుతుంది. చిక్కేమిటంటే సముద్రం మొహం ఎరుగని ట్రౌట్ అనే దాయాది కూడా ఇక్కడే, ఇలాగే గూడు పెడుతుంది. అందుకే ఫ్రావ్ వెండ్లర్ చేతిలో ఒక కొలకర్ర. గూడు కర్ర కంటే పొడవైతే సాల్మన్‌ది, పొట్టిదైతే ట్రౌట్‌ది. సంఘం నియమం అదే.

జారే రాయి మీద కాలు వేయవద్దన్నారు. వేశాను. బూటు నిండా నవంబరు నీళ్లు. "ఓసి దేవుడా, దీన్ని వరంగల్ పంపించేయండర్రా!" అని హారిక ఒడ్డున కూర్చుని నవ్వింది, చేయి మాత్రం ఆవిడే ఇచ్చారు.

మధ్యాహ్నం దాటాక, ఒక వంపు దగ్గర తెల్లని మచ్చ కనిపించింది. కొత్త గూడు. ఫ్రావ్ వెండ్లర్ కర్రను నీళ్లలో పరిచారు. జానెడు తక్కువ. కర్ర తీసి చంకలో పెట్టుకున్నారు.

"ట్రౌట్," అన్నారు. "పదండి."

నాకు కాలు కదలలేదు. అందులో సగం కారణం బూటులోని నీళ్లు. "ఈ కర్రను ఎప్పుడు కోశారు?"

"మొదటి చేపలు తిరిగొచ్చినప్పుడు. ఇరవై ఏళ్లు దాటింది."

"అప్పటి చేపల గూళ్లను చూసి కోసిందా?"

"ను."

"హారికా, చేపలు ఇప్పుడు చిక్కిపోయినయంటివి. చిన్న చేప పెద్ద చేపంత గూడు తవ్వుతదా?"

హారిక నుదుటి మీద కొట్టుకుంది. "తవ్వదే! ఆర్నెల్లుగా గీతలు కొలుస్తున్నాను, ఈ కర్ర సంగతే తట్టలేదు నాకు!" ఆ మాటే జర్మన్‌లో గబగబా చెప్పింది.

ఫ్రావ్ వెండ్లర్ చాలాసేపు నీళ్ల వైపు చూశారు. వెనకటి చలికాలాల్లో "ట్రౌట్" అని వదిలేసిన గూళ్లన్నీ ఆమె కళ్ల ముందు వరుసకట్టాయని నాకు తోచింది. అయినా తల అడ్డంగా ఊపారు.

"ఓడిపోతున్నప్పుడు కొలత మార్చమంటున్నావు. అదే నేను చేస్తే, సంఘంలో నా మాటకు విలువేమిటి?"

న్యాయమైన ఆక్షేపణ. డిబేట్‌లో ఎదుటివారి మాట నిజమైనప్పుడు ఒప్పుకోవడమే మంచి ఎత్తు అని మాకు చెప్పేవారు. అది ఎత్తు కాదని, మర్యాద అని అప్పుడు అర్థమైంది.

"అయితే కొలవడం వద్దు. చేపనే చూద్దాం. గూడు కొత్తది కదా, మళ్లీ రావచ్చు."

"నా కళ్లను నేను నమ్మను," అన్నారామె. "నాలుగేళ్లుగా చూడాలని కోరుకుంటున్న కళ్లు ఇవి."

"నావీ నమ్మకూడదు," అంది హారిక. "నాకు సాల్మన్‌కీ ట్రౌట్‌కీ గుర్తు తెలుసు. ఏ గుర్తు కావాలనుకుంటే ఆ గుర్తే కనిపిస్తుంది."

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. ఆ గుంపులో ఏమీ తెలియనిది నేనొక్కదాన్నే. నా అజ్ఞానం అంతకు ముందెన్నడూ అర్హతగా లెక్కకు రాలేదు.

"తోక చూడు," అన్నారు ఫ్రావ్ వెండ్లర్. "ఎలా ఉంటే ఏమిటో నీకు చెప్పను."

ముగ్గురం పొదల వెనుక తడి ఆకుల మీద బోర్లా పడుకున్నాం. ఆమె నీటి మెరుపును తీసేసే కళ్లద్దాలు నాకు పెట్టారు. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. వెలుగు మందగిస్తుండగా నీళ్లలో ఒక గోధుమరంగు నీడ పైకి జరిగి, తెల్లని రాళ్ల మీద ఆగింది. నేను ఊహించుకున్న మహామత్స్యం కాదు. మూర కంటే కొంచెం పొడవు, అంతే. అది పక్కకు ఒరిగి తోకతో అడుగును కొట్టింది. రాళ్లు దొర్లిన చప్పుడు నాకు వినిపించింది.

"తోక," అని ఊదినట్టుగా అడిగారు ఆవిడ.

"బ్యాట్ పిడిలాగ సన్నగైతది, మళ్ల వెడల్పైతది," అన్నాను హారికతో. ఫ్రావ్ వెండ్లర్‌కు క్రికెట్ తెలియదు. నా చేయి చాపి, మణికట్టు చుట్టూ రెండో చేతి వేళ్లు బిగించి చూపించాను. ఇంత సన్నగా, దాని తరువాత చేయి విప్పినట్టు తోక.

ఆమె నా మణికట్టును తన గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. ట్రౌట్‌కు ఆ సన్నదనం ఉండదట. తోక మొదలు మొద్దుగానే ఉంటుందట. హారిక అప్పుడు చెప్పింది, గుసగుసగా, ఏడుస్తూ నవ్వుతూ.

అధ్యక్షుడికి ఫోన్

కొండ దారిలో సిగ్నల్ దొరికేదాకా నడిచాం. ఫ్రావ్ వెండ్లర్ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టారు.

"వసంతంలో మా వాగుకి పిల్లల్ని తేవద్దు," అన్నారు.

"గూడు దొరికిందా? ఎంత పొడవు?" అన్నాడు అధ్యక్షుడు.

"కర్ర కంటే తక్కువ."

"రెనాటే, మరి మన నియమం..."

"చేప గూడు మీదే ఉంది. సాక్షి ఉంది. ఇండియా నుంచి వచ్చింది, చేపల గురించి దానికి ఏమీ తెలియదు."

ఆయన ఒప్పుకోడేమోనని హారిక నా చేయి గిల్లింది. "సరే," అన్నాడు చివరికి. "అయితే మీ వాటా బకెట్లు ఏ వాగుకి పంపను? వచ్చే సమావేశానికి ఆ కర్ర కూడా పట్టుకురా, మాట్లాడుకుందాం."

స్టేషన్ దాకా ఆమె మాతో వచ్చారు. ఇక మీదట "మీరు" అనవద్దు, "నువ్వు" అనమన్నారు, రెనాటే అని పేరు పెట్టి పిలవమన్నారు. ఇక్కడ అది పెద్దలు మాత్రమే ఇవ్వగల వరం. జర్మన్‌లో నేను సులువుగానే అలా పిలవగలిగాను. తెలుగులో ఆలోచించినప్పుడు మాత్రం ఆమె ఇప్పటికీ "మీరే".

నా ఆఖరి ప్రశ్న రైలు వస్తుండగా అడిగాను. అడగకుండా వెళ్తే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. "ఆ చేప కూడా ఎప్పుడో కింది వాగులో బకెట్‌తో పోసిందే కావచ్చు కదా?"

"కావచ్చు," అన్నారు రెనాటే. "దాని పిల్లలు కావు."

ఎదురువాదం కోసం డ్రెస్డెన్ దాకా వెతికాను. దొరకలేదు. హారికకు ఆ మాట చెబితే, మా పరిచయంలో మొదటిసారి, గెలిచానని చాటుకోకుండా కిటికీ అద్దానికి నుదురు ఆనించి చీకట్లో నదిని వెతికింది.